ఉగ్గుగిన్నె కడిగి పక్కన పెట్టండి

గర్భిణులు, బాలింతలు, పసిపిల్లల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు మా నర్సమ్మ గారి జవాబులు. ఆవిడ కోనసీమ పల్లెల్లో ముప్పై నాలుగేళ్ళు ఏఎన్ఎమ్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఇక ఆవిడ మాటల్లోనే.

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే మాటతో మొదలయ్యాయి: "మందుల జోలికి పోకుండా, సహజంగా ఏం చేయొచ్చు?" మా అమ్మమ్మ మంత్రసాని. ఆవిడ గుడ్డసంచిలో వసకొమ్ము, ఆముదం సీసా, నూలు దారం, మరిగించిన కత్తెర ఉండేవి. ఆవిడ చేసేవాటిలో సగం నేను ఉద్యోగంలో చేరాక ఊరంతా తిరిగి మాన్పించాను. మిగతా సగం, ట్రైనింగులో నవ్వుకున్నవే, వయసు మీదపడ్డాక మళ్ళీ పట్టుకున్నాను. ఏ సగం ఏదో ఈ జవాబుల్లో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నాకు మూడో నెల. పొద్దున లేస్తే వాంతులు, అన్నం ఉడికే వాసన వచ్చినా వాంతే. అత్తగారు శొంఠి ఇస్తానంటున్నారు. అల్లం, శొంఠి వేడి చేసి గర్భం పోతుందని పక్కింటావిడ భయపెట్టింది. బొప్పాయి అయితే పేరే ఎత్తొద్దంటోంది. ఎవరి మాట వినాలి?
— కాబోయే అమ్మ, తణుకు

జవాబు: శొంఠి విషయంలో మీ అత్తగారి మాట వినండి తల్లీ. వేవిళ్ళకు వాడే వంటింటి వస్తువుల్లో బాగా పరీక్షించి చూసింది అల్లాన్నే. వికారం తగ్గుతుంది, వాంతుల మీద అంత పట్టు ఉండదు. శొంఠిపొడి రోజు మొత్తానికి ఒక గ్రాము, అంటే అర టీస్పూను, రెండు మూడు సార్లుగా తీసుకోండి. కషాయం కాచి గ్లాసులకు గ్లాసులు తాగొద్దు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందు డాక్టరుకు చెప్పండి.

ఇంకో చిట్కా, ఇది మా అమ్మమ్మది. పడుకునేటప్పుడు తలగడ పక్కన చిన్న డబ్బాలో మరమరాలు పెట్టుకోండి. మెలకువ రాగానే, ఇంకా మంచం దిగకముందే, పిడికెడు నములుతూ పది నిమిషాలు అలాగే పడుకోండి. ఖాళీ కడుపుతో లేస్తేనే తిప్పుతుంది. అన్నం వాసన పడకపోతే ఆ పూటకు వంట మీ ఆయన్ని చేయమనండి, నేర్చుకుంటాడు.

బొప్పాయిలో మీ పక్కింటావిడ చెప్పింది సగం నిజం. గిల్లితే తెల్లటి పాలు కారే పచ్చికాయ, సగం పండినకాయ వద్దు. ఆ పాలకు గర్భసంచిని ముడుచుకునేలా చేసే గుణం ఉందని జంతువుల మీద చేసిన పరీక్షల్లో కనిపించింది. బాగా ముగ్గిన పండులో ఆ పాలు ఉండవు, నాలుగు ముక్కలు తింటే ఏమీ కాదు. కుంకుమపువ్వు గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు తెచ్చి చేతిలో పెడతారు. పాలల్లో రెండు రేకులు వేసుకోండి, వాసన బావుంటుంది. బిడ్డ రంగు మాత్రం మీ ఇద్దరి నుంచే వస్తుంది.

తాగిన నీళ్ళు కూడా నిలవకపోయినా, మూత్రం ముదురు పసుపుగా కొద్దిగానే వస్తున్నా, బరువు తగ్గిపోతున్నా శొంఠితో కాలక్షేపం చేయకండి. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి. సెలైన్ పెడితే సాయంత్రానికి మనిషవుతారు.

ప్రశ్న: ఆరో నెల. హిమోగ్లోబిన్ 9.2 ఉంది. ఐరన్ మాత్రలు వేసుకుంటే మలబద్ధకం, విరేచనం నల్లగా అవుతోంది, భయం వేసి మానేశాను. రోజూ బీట్‌రూట్ జ్యూస్, ఖర్జూరాలు, నువ్వులుండలు తింటున్నాను. సరిపోతుందా?
— పేరు వద్దు, నల్లగొండ

జవాబు: సరిపోదు. కొంచెం గట్టిగానే చెబుతున్నాను, కోపం తెచ్చుకోకండి.

బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందని మనకో నమ్మకం. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక్క మిల్లీగ్రాము కూడా ఉండదు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఇచ్చే ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాములుంటుంది. లెక్క వేసుకోండి, మాత్రకు సమానం కావాలంటే ఆరేడు కిలోల దుంపలు తినాలి. ఎద్దు కూడా తినలేదు. నువ్వులుండలు, బెల్లం మంచివే, మానొద్దు. కానీ అవి రక్తం తగ్గకుండా కాపాడుకోడానికి పనికొస్తాయి. తగ్గిపోయిన రక్తాన్ని మూడు నెలల్లో పైకి తేవాలంటే వాటివల్ల కాదు. గర్భిణికి 11 ఉండాలి. మీలా 9.2 ఉన్నవాళ్ళకు ప్రభుత్వ పద్ధతిలో రోజుకు రెండు మాత్రలు రాస్తారు, మీరు ఉన్న ఒక్కటీ మానేశారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది, కాబట్టి మీరు ఒంటరి కాదు. అయితే కాన్పులో అందరికీ ఎంతో కొంత రక్తం పోతుంది. 12 ఉన్నమ్మాయి తట్టుకునే రక్తస్రావాన్ని 8 ఉన్నమ్మాయి తట్టుకోలేదు. అలాంటి రాత్రులు నేను చూశాను.

విరేచనం నల్లగా రావడం మాత్ర లోపలికి వెళ్తోందనడానికి గుర్తు, అంతే. నేను ఇళ్ళకు వెళ్ళినప్పుడు "మాత్ర వేసుకుంటున్నావా" అని అడిగేదాన్ని కాదు, అందరూ అవుననే అంటారు. "దొడ్డికి ఏ రంగులో అవుతోంది" అని అడిగేదాన్ని. పచ్చగా అన్నవాళ్ళ మాత్రలు చూరులోనో బియ్యం డబ్బా వెనకో దొరికేవి.

మలబద్ధకానికి మాత్రం మీ సహజమార్గం భేషుగ్గా పనిచేస్తుంది. రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్ష, జామపండు, తోటకూర, చెంబుడు నీళ్ళు, సాయంత్రం అరగంట నడక. మాత్ర రాత్రి భోజనమయ్యాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. వేసుకున్నాక కాస్త నిమ్మరసమో, ఉసిరికాయ ముక్కో తీసుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. దాని చుట్టుపక్కల టీ, కాఫీ, పాలు వద్దు. కాల్షియం మాత్ర కూడా దాంతోపాటు వేసుకోకూడదు, రెండు గంటల తేడా ఉండాలి. చాలామంది డాక్టరు రాసిన అన్ని మాత్రలూ ఒకే గుక్కలో మింగేసి "వాడాను, పెరగలేదు" అంటారు. ఇంకొకటి, పులుసు ఇనప మూకుడులో పెట్టండి. చింతపండు పులుపుకు మూకుడులోని ఇనుము కొంత కూరలోకి దిగుతుంది. ఎంతకీ పడకపోతే వేరే రకం మాత్ర ఉంటుంది, నరానికి ఎక్కించేదీ ఉంటుంది, డాక్టరునడగండి. మీ అంతట మీరు మానకండి.

ప్రశ్న: సిజేరియన్ అయి పన్నెండు రోజులు. అమ్మ రాజోలు నుంచి వచ్చి పథ్యం పెడుతోంది. రోజుకు రెండు గ్లాసుల వేడినీళ్ళే ఇస్తోంది, ఎక్కువ తాగితే పొట్ట జారుతుందట. చెవుల్లో దూది, కందిపొడి అన్నం, పొద్దున్నే కాయం ఉండ. పాలు చాలడం లేదని నాకు అనుమానం. డబ్బాపాలు మొదలుపెట్టమని మావారు. ఇంట్లో రోజూ టెన్షన్.
— బాలింత, హైదరాబాద్

జవాబు: ముందు నీళ్ళు. అమ్మగారికి నా పేరు చెప్పి ఈ ఒక్కటీ ఈ రోజే మార్పించండి. ఆపరేషన్ అయిన మనిషికి నీళ్ళు తగ్గిస్తే మలబద్ధకం, మూత్రంలో మంట, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం. పొట్ట జారేది కండరాలు సాగినందువల్ల, నీళ్ళవల్ల కాదు. పాలిచ్చే చోట చెంబు పెట్టుకుని, బిడ్డ రొమ్ము పట్టిన ప్రతిసారీ గ్లాసుడు తాగండి. వేడినీళ్ళే ఇస్తానంటే వేడివే తాగండి, అక్కడ పేచీ ఎందుకు. దూది కూడా ఉండనివ్వండి. దానివల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు, ఆవిడకు మనశ్శాంతి.

కాయం మంచిదే. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, మోడి, వాము, పాతబెల్లం, నువ్వులనూనె కలిపి దంచినది ఉసిరికాయంత ఉండ అయితే అరుగుదలకు బావుంటుంది, నోరు కూడా కాస్త బాగుపడుతుంది. గుండెల్లో మంటగా ఉంటే సగం చేసుకోండి. షుగరు ఉంటే బెల్లం సంగతి అమ్మగారికి గుర్తుచేయండి.

నాకు నచ్చనిది వట్టి కందిపొడి అన్నం. మీది రాజోలంటున్నారు, అమ్మగారికి తెలకపిండి కూర రాకుండా ఎలా ఉంటుంది! నువ్వులు గానుగాడాక మిగిలే పిండి అది. నూనె పోయినా మాంసకృత్తులు అందులోనే ఉండిపోతాయి. పశువుల దాణా కొట్లో కొనకండి, మనుషులకని అమ్మే గానుగలో తాజాది తెప్పించండి. పిండికి రెండింతల నీళ్ళు, ఉప్పు, పసుపు వేసి మరిగించి, మునగాకు దూసి వేసి, ఆకు రంగు మారాక పిండి జల్లి మూతపెట్టాలి. నీళ్ళన్నీ పీల్చుకుని అట్లకాడతో కదిపితే ఇసకలా పొడిపొడిగా విడిపోవాలి, ముద్దగా ఉంటే ఇంకా అవలేదన్నమాట. వెల్లుల్లి రెబ్బలు ఓ పది చితక్కొట్టి, ఎండుమిర్చితో తాలింపు. వేడన్నంలో నెయ్యి వేసుకుని తింటే పథ్యమని ఎవరూ అనుకోరు. దీంతోపాటు గుడ్డు, పప్పు, బీరకాయ, పొట్లకాయ, ఆకుకూరలు, పండ్లు అన్నీ తినండి. మీరు పెరుగు తిన్నంత మాత్రాన బిడ్డకు జలుబు చేయదు. గర్భంతో ఉన్నప్పుడు వద్దన్న పచ్చి బొప్పాయిని ఇప్పుడు కూర వండుకుని తినొచ్చు. మన తీరంలో బాలింతకు పాలసొర పిట్టు పెడతారు, నేనూ తిన్నాను. అయితే సొరజాతి చేపలు పెద్దవయ్యేకొద్దీ ఒంట్లో పాదరసం పోగవుతుంది కనక, ఇప్పుడు అడిగితే నేను చిన్నచేపలే చెబుతాను.

ఇంత తిన్నా పాలు తిండితో ఊరవు, బిడ్డ చప్పరిస్తే ఊరతాయి. మెంతులు, పిల్లిపీచర (శతావరి) లేహ్యాలు కొందరికి కాస్త సాయపడతాయేమో గానీ రొమ్ము ఖాళీ కాకుండా ఏ లేహ్యమూ పాలు తేలేదు. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, రాత్రిళ్ళు కూడా ఇవ్వాలి. బిడ్డ నోరు బాగా తెరిచేదాకా ఆగి, చనుమొనే కాక చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు నోట్లోకి వెళ్ళేలా పట్టించండి. కుట్లు నొప్పిగా ఉంటే పక్కకు తిరిగి పడుకుని ఇవ్వండి. చాలుతున్నాయో లేదో బిడ్డే చెబుతుంది. రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తే, రెండు వారాల్లోపు పుట్టినప్పటి బరువుకు తిరిగొస్తే చాలుతున్నట్టే. మొదటి రోజుల్లో పదో వంతు వరకు బరువు తగ్గడం మామూలే. ఈ రెండూ సరిగ్గా ఉంటే డబ్బా కొనకండి. లేకపోతే మాత్రం రేపే పిల్లల డాక్టరుకు చూపించండి, బిడ్డను ఆకలితో ఉంచి సహజం అనుకోకూడదు.

ప్రశ్న: నా మనవడు 1.9 కిలోలు పుట్టాడు. ఇరవై రోజులైంది, ఇంకా ఎలకపిల్లలా ఉన్నాడు. ఉగ్గు పెడదామంటే కోడలు ముట్టనివ్వదు. వస అరగదీసి నాలిక మీద రాస్తే మాటలొస్తాయి, ఆముదం పోస్తే కడుపు శుభ్రపడుతుంది, తేనె నాకిస్తే బలం. నేను ఏడుగుర్ని కన్నాను, అందరికీ ఇలాగే పోశాను, ఆరుగురు రాళ్ళలా ఉన్నారు. మీలాంటి నర్సులు చెప్పబట్టే ఈ కాలం పిల్లలు ఇలా తయారయ్యారు.
— ఓ నాయనమ్మ, బొబ్బిలి

జవాబు: అక్కయ్యగారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆరుగురి గురించి పేజీ రాశారు, ఏడో బిడ్డ గురించి ఒక్క ముక్కా రాయలేదు. నేను అడగను. మీ ఆముదం వల్లే పోయిందని కూడా అనను, ఆ రోజుల్లో పిల్లలు పోవడానికి వంద కారణాలు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 129 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. 2020కి ఆ లెక్క 28కి దిగింది. మిగిలినవాళ్ళను చూసి మనం "ఉగ్గుతో పెరిగారు" అంటాం, ఉగ్గు తాగి పోయినవాళ్ళు వచ్చి చెప్పరు కదా.

మా ఇంట్లోనూ అమ్మమ్మ ఇత్తడి ఉగ్గుగిన్నె ఉంది, ముక్కు దగ్గర సొట్ట. దాంతోనే నాకూ పోశారు. సానరాయి మీద వస, కరక్కాయ, జాజికాయ, మాచికాయ ఒక్కోటి ఇన్ని చుట్లని తల్లిపాలతో అరగదీసేవారు. ఒక చుట్టు ఎక్కువైతే? జాజికాయ మత్తు వస్తువు. బిడ్డ ఏడుపు మాని పడుకుంటే "ఉగ్గు పడింది" అనుకునేవాళ్ళం. వసలో ఉండే అసరోన్ అనే పదార్థం మంచిది కాదని అమెరికాలో 1968లోనే ఆహారంలో వాడకుండా ఆపేశారు. వస పోస్తే వసపిట్టలా మాట్లాడతారన్నది మాట వరసకు బావుంటుంది. మాట వచ్చేది మీరు ఒళ్ళో పెట్టుకుని కబుర్లు చెబితే. ఆముదం పసివాడికి విరేచనాలు చేయిస్తుంది, 1.9 కిలోల ఒంట్లో పోడానికి నీళ్ళెన్ని ఉంటాయి? పొలమారి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే నిమ్ము చేస్తుంది. ఇక తేనె, ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి మనకేమీ చేయదు, పసిపేగుల్లో మాత్రం పెరిగి విషం పుట్టిస్తుంది. బిడ్డ మెడ వాలిపోతుంది, చప్పరించే ఓపిక కూడా ఉండదు. ఆరు నెలలు తల్లిపాలే, మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. తక్కువ బరువు బిడ్డ కాబట్టి డాక్టరు రాసిన విటమిన్, ఐరన్ చుక్కలు మాత్రం మానొద్దు.

అలాగని మీరు చేతులు కట్టుకుని కూర్చోవాలని కాదు. మీకు తగిన పని ఒకటుంది, అది మీ కోడలొక్కతే చేయలేదు. మనవడికి టోపీ, మేజోళ్ళు, లంగోటా తప్ప ఏమీ లేకుండా, మీ గుండెల మీద, రెండు రొమ్ముల మధ్య నిటారుగా, కప్పలా కాళ్ళు మడిచి పడుకోబెట్టుకోండి. తల ఒక పక్కకు తిప్పి, ముక్కుకు ఏదీ అడ్డం లేకుండా చూడండి. మెత్తటి పాతచీరతో ఇద్దర్నీ కలిపి కట్టి, పైన దుప్పటి. వెనక్కి వాలి కూర్చోండి, నిద్ర వస్తే ఇంకొకరికి ఇచ్చేయండి. 1978లో కొలంబియా దేశంలోని బొగొటా నగరంలో ఎడ్గార్ రే అనే డాక్టరు ఇంక్యుబేటర్లు చాలక ఈ పద్ధతి మొదలుపెట్టాడు. దీన్ని కంగారూ సంరక్షణ అంటారు. మన దేశంతో సహా ఐదు దేశాల్లో, ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి కూడా అందులో ఒకటి, పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెట్టి చూశారు. ఆ ఫలితాలు 2021లో వచ్చాయి. మామూలుగా చూసిన తక్కువ బరువు బిడ్డల్లో వందకు 15.7 మంది పోతే, తల్లి గుండెల మీద ఉంచినవాళ్ళలో 12 మంది. రోజుకు కనీసం ఎనిమిది గంటలు ఉంచమంటారు. తల్లి ఎక్కువసేపు, ఆవిడ స్నానానికీ భోజనానికీ వెళ్ళినప్పుడు మీరు, రాత్రి మీ అబ్బాయి. ఖర్చు లేదు, మందు లేదు. ఇంతకన్నా సహజమైంది నా సర్వీసులో చూడలేదు.

ఉగ్గుగిన్నె పారేయమనను. మాది కడిగి అలమారలో పెట్టాను, బొత్తాలు వేసుకుంటున్నాను.

వాడు పాలు తాగడం తగ్గించినా, ఒళ్ళు చల్లబడినా, జ్వరం వచ్చినా, ఊపిరి తీస్తుంటే పక్కటెముకల కింద గుంట పడుతున్నా 108కి ఫోన్ చేయండి. కోడలితో వాదన తర్వాత చూసుకోవచ్చు.

ప్రశ్న: పాపకు నాలుగో రోజు. ఒళ్ళు పచ్చబడింది. పొద్దుటెండలో పడుకోబెడితే కామెర్లు పోతాయంటున్నారు. లైటు కింద పెట్టించాలా?
— కొత్త తండ్రి, తెనాలి

జవాబు: ఈ సలహా నేనూ ఇచ్చాను బాబూ. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఒక తల్లికి "రోజూ ఏడింటికి ఎండలో పెట్టు, అదే పోతుంది" అని చెప్పి సైకిలెక్కి వచ్చేశాను. రెండు రోజుల తర్వాత పాప అరికాళ్ళు కూడా పసుపు రాసినట్టున్నాయి, పాలకు లేవడం లేదు. కాకినాడ తీసుకెళ్తే రక్తం మార్చారు. బతికింది. కానీ చెవులు వినపడలేదు. ఆ అమ్మాయి పెళ్ళికి నన్ను పిలిచారు, వెళ్ళలేకపోయాను.

ఎండ మాటలో నిజం లేకపోలేదు. అసలు లైటు వైద్యం పుట్టిందే ఎండలోంచి. 1950లలో ఇంగ్లండ్‌లోని రాచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సుకు పిల్లల్ని బయట గాలికి, ఎండకు తిప్పే అలవాటు. ఒక బిడ్డకు ఎండ తగిలినచోట పచ్చదనం తగ్గి, దుప్పటి కొస కప్పిన మూడుమూలల ముక్క మాత్రం పచ్చగా మిగిలిపోవడం ఆవిడే డాక్టర్లకు చూపించింది. 1958లో క్రీమర్ అనే డాక్టరు, ఆయనతోటివాళ్ళు ఆ లైట్ల గురించి పత్రికలో రాశారు. డాక్టరు పేరు అందరికీ తెలుసు, చూసింది నర్సు. అది నా సొంత బాధ, వదిలేయండి.

ఎండలో ఎంత వెలుతురు పడుతోందో కొలవలేం, బట్టలు విప్పి చాలాసేపు ఉంచితే చలో, చర్మం కమలడమో. లైటులో కామెర్లకు పనికొచ్చే నీలిరంగు వెలుగే, కొలతగా ఉంటుంది. నాలుగో రోజు ముఖం, రొమ్ము వరకు పచ్చదనం చాలామంది పిల్లలకు ఉండేదే. అయినా కంటితో అంచనా కట్టకండి, ఈ రోజే చూపించి కొలిపించండి. పుట్టిన 24 గంటల్లో పచ్చబడినా, అరచేతులు అరికాళ్ళ దాకా పాకినా, పాప మగతగా ఉన్నా ఒక్క గంట కూడా ఆగొద్దు. ఈలోగా తల్లిపాలు ఎక్కువసార్లు పట్టించండి. పచ్చదనం విరేచనంలో పోతుంది, విరేచనం పాలవల్ల అవుతుంది.

ఒక్కటి అడగాలి. పాపకు పెట్టెలోంచి తీసిన పాతబట్టలు వేశారా? కలరా ఉండల వాసన వస్తోందా? కొందరు పిల్లలకు జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువ. కలరా ఉండల ఆవిరికి వాళ్ళ రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ఒక్కసారిగా పెరుగుతాయి. పాతబట్ట మెత్తగా ఉంటుందని మనవాళ్ళు వేయడం మంచిదే, కలరా ఉండలతో దాచినవి మాత్రం ఇంట్లో ఎవరికీ వేయకండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయికి ఐదో నెల. ఇక్కడి నుంచి గర్భరక్షణ మాత్రలు, భస్మాలు పంపమని వియ్యపురాలు అడుగుతోంది.
— ఓ తల్లి, గుంటూరు

జవాబు: పంపకండి. 2011, 2012ల్లో న్యూయార్క్‌లో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా కనపడితే ఆరా తీశారు. అందరూ ఆయుర్వేదం పేరుతో అమ్మిన మాత్రలు వాడినవాళ్ళే, ఐదుగురు మన దేశంలో పుట్టినవాళ్ళు. సీసం మాయ దాటి బిడ్డ మెదడుకు చేరుతుంది. భస్మాల్లో చాలావాటిని లోహాలతోనే చేస్తారు కదా. పార్సిల్ ఖాళీగా ఎందుకంటారా, ఇంట్లో చేసిన సున్నుండలు పంపండి.

ప్రశ్న: బాబుకు తొమ్మిది రోజులు. స్నానం పోసే ఆవిడ రొమ్ములు పిండి పాలు తీస్తోంది, ముక్కులో నూనె వేసి ఊదుతోంది, తర్వాత సాంబ్రాణి, కాటుక. వద్దంటే అలుగుతుంది. నూనె మర్దన కూడా మానేయాలా? ఊడిన బొడ్డు ఏం చేయాలి?
— తండ్రి, ఖమ్మం

జవాబు: మర్దన మానకండి. కొబ్బరినూనెతో మెల్లగా, గోళ్ళు కత్తిరించుకున్న చేతితో అయితే బిడ్డకూ హాయి, చర్మానికీ మంచిది. ఆవనూనె వద్దు. నలుగుపిండితో రుద్దడం వద్దు, ఆ చర్మం ఉల్లిపొర లాంటిది.

రొమ్ములు పిండడం ఈ పూటే ఆపించండి. తల్లి హార్మోన్ల ప్రభావంతో మగపిల్లలకైనా రొమ్ములు ఉబ్బి చుక్క పాలు వస్తాయి, వాటంతటవే పోతాయి. పిండితే చీము పడుతుంది, కోసి తీయాల్సి వచ్చిన బిడ్డల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ముక్కులో, చెవుల్లో నూనె వద్దు, ఊదడం అసలే వద్దు, ఆవిడకున్న జలుబు బాబుకు వస్తుంది. జుట్టు సాంబ్రాణి లేకుండానే ఆరుతుంది, తుండుగుడ్డతో అద్దండి. ఆ పొగ మనం పీలిస్తేనే దగ్గొస్తుంది. కాటుక కంట్లో పెట్టొద్దు, కొన్నింట్లో సీసం కూడా ఉంటుంది. దిష్టి అంటారా, అరికాలికి చుక్క పెట్టండి, అక్కడైతే నోట్లోకీ కంట్లోకీ పోదు.

ఆవిడ అలగకుండా ఉండాలంటే మీరు పక్కన నిలబడి "కాళ్ళు బాగా తీస్తారమ్మా మీరు, ఇంకాస్త తీయండి" అనండి. కాళ్ళ మీదే టైమంతా అయిపోతుంది. నేను ఊరూరా చేసింది ఇదే.

బొడ్డు ఊడిన చోట పసుపు, పౌడరు, బూడిద ఏవీ వేయకండి. పొడిగా ఉంచితే చాలు. చుట్టూ ఎర్రబడినా, చీము, వాసన వచ్చినా చూపించండి. ఊడిన తాడు దాచుకోండి, మావాళ్ళూ వెండి తాయెత్తులో పెట్టి మొలతాడుకు కడతారు. మెడలో మాత్రం కట్టకండి. మొలతాడు కింద రెండు వేళ్ళు దూరేంత వదులుండాలి, బాబు ఒళ్ళు చేసినప్పుడల్లా ముడి విప్పి కట్టండి.